రెండు తలుపుల గూడు

సంచి బోర్లా పడింది.

టిఫిన్ డబ్బా దొర్లుకుంటూ వెళ్ళి మంచం కోడుకు తగిలి ఆగింది. దువ్వెన ఒక మూల, నీళ్ళ సీసా ఒక మూల, బేకరీలో తలకు కట్టుకునే తెల్లగుడ్డ ఇంకో మూల. ఆడపడుచు ఖాళీ సంచిని తలకిందులుగా పట్టుకుని మరోసారి దులిపింది. రొట్టె పొడి రాలింది. గుడ్డ రాలింది కానీ గుడ్డు రాలలేదు.

"లేవు," అంది ఆడపడుచు, తనే మోసపోయినట్టు.

"ఇవాళ లేవు," అని సరిదిద్దింది అత్తగారు మంచం మీంచి.

కోడలు ఇంకా గుమ్మంలోనే ఉంది. బేకరీలో తొలి షిఫ్టు ముగించుకుని వచ్చి చెప్పులైనా విప్పలేదు. భుజం మీది సంచి ఎప్పుడు ఊడిందో, ఆడపడుచు చేతిలోకి ఎప్పుడు వెళ్ళిందో ఆలోచించుకునే లోపే సోదా పూర్తయిపోయింది.

"వదినా," అంది నెమ్మదిగా. "గుడ్లు ఎత్తుకుపోయేదాన్ని పోయేటప్పుడు పట్టుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు పట్టుకుంటే ఏం దొరుకుతుంది?"

"పోయేటప్పుడు పట్టుకుందామంటే నువ్వు చీకట్లోనే పోతావు కదమ్మా మరదలా!"

"మీరూ చీకట్లో లేవచ్చు కదా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఎండ మంచం ఎక్కితే తప్ప మంచం దిగే అలవాటు ఆ తల్లికీ లేదు, వెనకింట్లో కాపురముంటున్న ఆ కూతురికీ లేదు. తల్లికి మోకాళ్ళ నొప్పికి మాత్ర ఉంది, అందుకని నిద్ర. కూతురికి మాత్ర లేదు, నిద్ర మాత్రం ఉంది.

వరండాలో కుర్చీలో మామగారు పేపరు పట్టుకుని కూర్చున్నారు. పేజీ తిప్పారు.

"నోరు చూశావా అమ్మా!" అంది ఆడపడుచు. "ఒకటే గూడు, ఒకటే మేత. నీ కోళ్ళు రోజూ పెడుతూనే ఉన్నాయి. ఈవిడ బాతులు మాత్రం నెల్లాళ్ళుగా పెట్టడం మానేశాయట. మాకు చెవుల్లో పువ్వులు పెడుతోంది!"

నిజానికి ఆ ఇంట్లో పెట్టడం గురించే పేచీ అంతా. పెరట్లో గూడు ఒకటే, తలుపులు రెండు. పై అర కోళ్ళది, అవి కర్ర మీదికెక్కి పడుకుంటాయి. కింది అర బాతులది, అవి గడ్డిలో కూలబడి పడుకుంటాయి. మధ్యలో ఇనుప జాలీ. కోళ్ళు అత్తగారివి, బాతులు కోడలివి. మాట వరసకు కోడీ కోడలూ ఒక్క తల్లి పిల్లల్లా వినిపిస్తారు కానీ, ఈ ఇంట్లో ఆ వరస కుదరలేదు.

పెట్టే తీరులోనూ రెంటికీ పొత్తు లేదు. కోడి పొద్దెక్కాక తీరిగ్గా బయల్దేరి, పెట్టె వెతుక్కుని, ఆ పెట్టెలోనే పెట్టి, పెట్టానని వీధంతా టముకేస్తుంది. బాతు అలా కాదు. తెల్లారీ తెల్లారక ముందే, ఎక్కడుంటే అక్కడ నోరెత్తకుండా పెట్టి, తనకేమీ తెలియనట్టు నడిచిపోతుంది. అందుకే బాతుల తలుపు పొద్దెక్కేదాకా తియ్యకూడదు. కోడలు షిఫ్టు నుంచి వచ్చాకే ఆ గొళ్ళెం తీసేది. గడ్డిలో చెయ్యి పెడితే లేతనీలం గుడ్లు వెచ్చగా తగిలేవి. బేకరీలో కేకుల మాస్టరు వాటికోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూసేవాడు.

ఇప్పుడు నెల నుంచీ తలుపు వేసినట్టే ఉంటోంది, బాతులు ఉన్నట్టే ఉంటున్నాయి, గడ్డి ఉత్త గడ్డిగానే ఉంటోంది.

"పాపం, నా కూతురు," అని అత్తగారు ముక్కు చీదింది. "ఇదివరకు రెండ్రోజులకోసారి వచ్చి నాలుగు గుడ్లివ్వమ్మా అని నోరు తెరిచి అడిగేది. ఈ నెలలో ఒక్కనాడు అడిగితే ఒట్టు. పుట్టింట్లో గుడ్లు తగ్గిపోయాయని తెలిసి నోరు కట్టుకుంది, పిచ్చి తల్లి. ఇక నువ్వు, బేకరీ పక్కనే ఉన్న మీ అక్కకి సంచులకు సంచులు..."

ఆడపడుచు సీలింగు ఫ్యాన్ వైపు వినయంగా చూసింది.

"మా అక్క గుడ్డు తినదు అత్తయ్యా. ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి."

"అమ్ముకుంటుందేమో!"

"అంటే నన్ను దొంగ అంటున్నారు."

"నేననలేదు. ఒట్టు వెయ్యి. తియ్యలేదని ఒట్టు వెయ్యి, ఇంతటితో అయిపోతుంది."

కోడలు చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. నేల మీద పరుచుకున్న తన సరంజామా మధ్య నిలబడింది.

"వెయ్యను."

"భయమా?"

"కాదు. ఇవాళ గుడ్ల కోసం వేస్తే రేపు పాల కోసం వెయ్యమంటారు, ఎల్లుండి ఉప్పు కోసం. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒట్లు పెట్టుకుంటూ తిరగాల్సొస్తే అది ఇల్లవదు అత్తయ్యా, కోర్టు బోనవుతుంది."

"పెంకిఘటం!" అంది అత్తగారు.

తిట్టే కానీ, అందులో కొంత మెప్పు కూడా ఉంది. గుడ్డు నలుగురి చేతుల్లో పడి కూడా కారిపోకుండా ఉండేది పెంకు వల్లే.

"సరే," అంది అత్తగారు. "పెట్టని బాతులకు నా ఇంట్లో మేత లేదు. రేపు పొద్దున్నే కోళ్ళూ బాతులూ కొనే బుట్టలాయన్ని రమ్మని కబురు పెట్టాను. అన్నింటినీ పట్టుకుపోతాడు."

అరచేతిలో పట్టేంత పిల్లలుగా ఉన్నప్పుడు తెచ్చుకుంది వాటిని. కోళ్ళ నీళ్ళలో మూతి పెట్టి బురద చేస్తున్నాయని మొదటి గొడవ. దూరంగా తొట్టి పెట్టి కింద గులకరాళ్ళు పరిచింది. మేత మీద రెండో గొడవ. బేకరీలో మిగిలిన రొట్టె చివరలు మోసుకొచ్చింది. ప్రతి గొడవకూ ఒక ఉపాయం దొరికింది. దొంగ అన్న మాటకే దొరకడం లేదు.

"బుట్టలాయన వచ్చేసరికి నేనూ ఇంట్లోనే ఉంటాను. రేపు షిఫ్టుకు వెళ్ళను," అని వంటింటి వైపు నడిచింది.

"ఏయ్, ఈ సంచి? ఈ సామాను?"

"నేను పడెయ్యలేదు. పడేసినవాళ్ళు తీస్తారు."

*

సాయంత్రమైనా తియ్యలేదు. ఆడపడుచు ఎప్పుడో వీధి చుట్టూ తిరిగి వెనకింటికి వెళ్ళిపోయింది. అత్తగారు చేతికర్ర ఊతంతో డబ్బాను దాటుకుని తిరిగింది. మామగారు దువ్వెనను దాటుకుని తిరిగారు. లైన్‌మన్ అయిన కొడుకు డ్యూటీ నుంచి వచ్చి, హాలు మధ్యలో బోర్లా ఉన్న సంచిని చూసి, తెగిపడిన కరెంటు తీగను చూసినట్టు చుట్టూ తిరిగి వెళ్ళాడు.

పెరట్లో భార్య బాతుల తొట్టి కడుగుతోంది. వెనక వచ్చి నిలబడ్డాడు. రోజంతా స్తంభాలెక్కుతాడు. ఇంటికొచ్చాక తనే స్తంభమవుతాడు.

"నాలుగు బాతుల కోసం..." అని మొదలుపెట్టాడు.

"ఐదు. నాలుగు పెట్టలు, ఒక మగది."

"సరే, ఐదు. ఐదు బాతుల కోసం ఇంటినంతా..."

"బాతుల కోసం కాదు."

దడి అవతల అక్కగారింట్లో పెనం మీద వెన్న చిటపటలాడింది. ఆమ్లెట్ వాసన రేకుల దడి దూకి ఇవతలికి వచ్చింది. కోడలు ముక్కు ఎగబీల్చింది. ఎవరి పొయ్యి వాళ్ళిష్టం అనుకుని మళ్ళీ పీచు అందుకుంది.

"ఒక్కటడుగుతాను, చెప్పండి," అంది వెనక్కి తిరక్కుండానే. "నేను తీశానా?"

"తీశావని నేనెప్పుడన్నాను?"

"తియ్యలేదని ఎప్పుడన్నారు?"

అతను పైన తీగల వైపు చూశాడు. అక్కడ సమాధానాలేమీ ఆరేసి లేవు.

"ఆ ఒట్టేదో వేసేస్తే పోయేది కదా. ఒక్క మాట."

"ఒక్క మాటే కదా. మరి మీరెందుకు అనలేదు? నా పెళ్ళాం దొంగ కాదు అని. అదీ ఒక్క మాటే."

మగబాతు తొట్టి అంచుకు వచ్చి బొంగురుగా ఏదో గొణిగింది. ఆడబాతుల కంఠం వీధి చివరిదాకా వినిపిస్తుంది కానీ, మగబాతు గొంతు ఎప్పుడూ అంతే, పీలగా, జలుబు చేసినట్టు ఉంటుంది. కోడలు దాని వైపు చూసింది, తర్వాత మొగుడి వైపు చూసింది. చెప్పాలనుకున్నది చెప్పకుండానే అర్థమైపోయింది ఇద్దరికీ.

తొట్టిలోని మురికినీళ్ళు అతని కాళ్ళ పక్కగా వంపేసింది.

"రేపు మీరు డ్యూటీకి వెళ్ళండి. పెరట్లో స్తంభం ఉన్నా లేకపోయినా ఈ ఇంట్లో వెలిగేదేం లేదు."

*

అలవాటు కొద్దీ కోడలికి షిఫ్టు వేళకే మెలకువ వచ్చింది. ఊరికే పడుకోలేక పెరట్లోకి వచ్చి, నీళ్ళ డ్రమ్ము పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చుంది. గూట్లో బాతులు అప్పుడే కదులుతున్నాయి. పైన కోళ్ళు ఇంకా మెడలు రెక్కల్లో దోపుకుని ఉన్నాయి.

దూరంగా తొలి ప్యాసింజరు బండి కూత వేసి వెళ్ళిపోయింది.

వంటింటి తలుపు కిర్రుమంది.

మామగారు బయటికి వచ్చారు. వంటి మీద రంగు వెలిసిన నీలం చొక్కా, చంకలో చుట్టిపెట్టిన జెండాలు రెండు. ఆయన ఉద్యోగమంతా రైల్వే గేటు దగ్గరే గడిచింది. బండి వచ్చే ముందు గేటు వెయ్యడం, పోయాక తియ్యడం. వీధిలో అందరికీ గేటు మామయ్యే. పోయిన నెల రిటైరైన రోజున తోటివాళ్ళు గుర్తుగా ఆ జెండాలు చేతిలో పెట్టి పంపారు.

ఆయన గూటి దగ్గరికి నడిచారు. ఎడమకు చూశారు. కుడికి చూశారు. పట్టాల మీద ఏ బండీ రావడం లేదని రూఢి చేసుకుని, బాతుల తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశారు.

"మామయ్యా!"

చెయ్యి గొళ్ళెం మీదే బిగుసుకుపోయింది.

"ఏం చేస్తున్నారు?"

"బండి వెళ్ళిపోయిందిగా," అన్నారు మామగారు, అంతకంటే చెప్పడానికేముందన్నట్టు. "గేటు తియ్యాలి."

"రోజూ తీస్తున్నారా?"

"రోజూనే. పాపం, తలుపు పట్టుకుని నిలబడి ఉంటాయమ్మాయ్, గేటు దగ్గర ఆగిపోయిన జనంలాగే. గూడ్సు వచ్చే ముందు మళ్ళీ వేసేస్తాను. పచ్చ ఊపితే పోతాయి, ఎర్ర చూపిస్తే వరసగా వచ్చేస్తాయి. హారన్ కొట్టడం, కడ్డీ కింద నుంచి దూరిపోవడం, అలాంటివేం లేవు. మనుషుల కంటే చాలా నయం!"

ఈ నెల మొత్తంలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం కోడలు వినలేదు. ఆ ముఖంలోని సంబరం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. అయినా చెప్పింది.

"మామయ్యా, బాతులు గుడ్లు పెట్టేది ఇప్పుడే. ఈ వేళకే. బయటుంటే బయటే పెట్టేస్తాయి. అందుకే నేనొచ్చేదాకా తలుపు తియ్యొద్దనేది."

సంబరం మెల్లగా దిగిపోయింది. గొళ్ళెం మీద చెయ్యి కూడా దిగింది.

"అయితే... నిన్నటి గొడవ..."

"నెల్లాళ్ళ గొడవ. బయటికొచ్చి ఎటు పోతాయి అవి?"

"నేను చూడలేదమ్మా. గేటువాడు పోయిన బండి ఎటు పోయిందో చూడడు. వచ్చే బండి ఎటు నుంచి వస్తుందో చూస్తాడు. నేను వీధి వైపే చూస్తూ నిలబడతాను." చంకలో జెండాలు సర్దుకుని, "నా గేటు దగ్గర ఏనాడూ ఒక్క ప్రమాదం జరగలేదు," అన్నారు. అది చెప్పుకోవడమో, ఏడవడమో తెలియలేదు.

లోపల బాతులు గోల మొదలుపెట్టాయి. గడ్డిలో కూర్చోవడం లేదు. నెల్లాళ్ళుగా మరిగిన చోటేదో బయట ఉంది, దాని కోసం గుడ్డు బిగబట్టుకుని జాలీ పొడవునా అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"అమ్మాయ్," అన్నారు మామగారు గొంతు తగ్గించి. "మీ అత్తకు చెప్పకు."

"ఎందుకు?"

"మొన్న నిద్రలో లేచి జెండా ఏదీ అని వెతుక్కున్నానని వీధి వీధంతా చెప్పి నవ్వింది. ఉద్యోగం పోయినా గేటు పోలేదంటుంది. ఇది కూడా తెలిస్తే... రేపటి నుంచి తియ్యను, సరేనా? గుడ్లు వాటంతటవే కనిపిస్తాయి. నీ మీద మాట కూడా అదే పోతుంది."

"రేపటికి బాతులే ఉండవు మామయ్యా. బుట్టలాయన ఇవాళే వస్తున్నాడు. నిన్న హాల్లో చెప్పినప్పుడు మీరూ వరండాలోనే ఉన్నారు."

"పేపరు చదువుతున్నా."

"చదువుతున్నారా?"

మామగారు తల దించుకున్నారు. "పట్టుకుని ఉన్నా."

"నా సంచి దులుపుతుంటే మీరు పేజీ తిప్పారు."

కోడలు లేచి వచ్చి బాతుల తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

"నేను చెప్పను మామయ్యా, భయపడకండి. మీ మీద చాడీ చెప్పి నా పేరు కడుక్కోను. కానీ దొంగ అన్న మాట మోసుకుని తిరగను కూడా. గేటు తీసింది మీరు, నోరు కూడా మీరే తియ్యాలి."

మామగారు చంకలోని జెండాలను ఇంకా గట్టిగా నొక్కుకుని, వచ్చిన దారినే లోపలికి వెళ్ళిపోయారు.

వంటింటి తలుపు మూసుకుంది.

*

బుట్టలాయన పొద్దున్నే సైకిలుకు రెండు పక్కలా బుట్టలు వేలాడదీసుకుని దిగాడు. ఆ రోజు అత్తగారు కూడా ఎండకు ముందే లేచింది. ఆడపడుచు వీధి చుట్టూ తిరిగి ఆవలిస్తూ వచ్చింది. లైన్‌మన్ యూనిఫాం వేసుకుని బయల్దేరబోయి, వంటింటి మెట్టు మీదే ఆగిపోయాడు. మామగారు పెరటి వరండాలో కుర్చీలో ఉన్నారు. ఇవాళ చేతిలో పేపరు లేదు.

"లే," అంది అత్తగారు, ఇంకా బాతుల తలుపుకు ఆనుకునే కూర్చున్న కోడలితో.

"లేవను."

"అమ్మగారూ," అన్నాడు బుట్టలాయన, చాలా ఇళ్ళు చూసినవాడు కాబట్టి. "ముందు మీలో మీరు తేల్చుకోండి. నేనలా వెళ్ళి ఒక టీ తాగొస్తా."

"టీ ఇక్కడే ఇస్తాను, ఉండు."

"పంచదార కాస్త ఎక్కువ వెయ్యండి. ఇలాంటి చోట నాకు నోరు చేదవుతుంది."

ఆడపడుచు ముందుకొచ్చి, కూర్చున్న మరదలి భుజం మీదుగా గొళ్ళెం వైపు చెయ్యి చాచింది.

"వదినా," అంది కోడలు, తలైనా ఎత్తకుండా. "నిన్న నా సంచి మీద చెయ్యి వేశారు, ఊరుకున్నాను. ఈ గొళ్ళెం మీద వేస్తే ఊరుకోను."

"ఏం చేస్తావేం?"

"ఇలాగే కూర్చుంటాను. నేను లేస్తేనే ఈ తలుపు తెరుచుకుంటుంది. నేను లేవాలంటే ఈ పెరట్లో ఒక్కరైనా నిజం చెప్పాలి."

"ఓహో! నిజమట! నిజం నీ దగ్గర తప్ప అందరి దగ్గరా ఉంది!" అంది అత్తగారు. "ఏరా, నీ పెళ్ళాన్ని లెమ్మను."

అందరూ మెట్టు వైపు చూశారు. లైన్‌మన్ నోరు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు. బొంగురుగానే వచ్చింది, అయినా వచ్చింది.

"అది దొంగ కాదమ్మా."

కోడలు చటుక్కున తలెత్తింది. అత్తగారు గుడ్లురిమి చూసింది, గుడ్ల గొడవలో ఆవిడ దగ్గర మిగిలినవి ఆ రెండే. బుట్టలాయన గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఊరవతల గూడ్సు బండి కూత వేసింది.

వరండాలో కుర్చీ కిర్రుమంది. మామగారు లేచారు. మెట్లు దిగారు. ఎడమకు చూశారు. కుడికి చూశారు. నేరుగా బుట్టల ముందుకు వచ్చి ఎర్రజెండా విప్పి అడ్డంగా పట్టుకున్నారు.

"ఆగు."

బుట్టలాయన ఆగాడు. ఆగకేం చేస్తాడు, ఆ జెండా ముందు రోడ్డు రోలర్లు కూడా ఆగాయి.

"మీకేం తెలుసు, వెళ్ళి కూర్చోండి," అంది అత్తగారు.

"నెల నుంచీ కూర్చునే ఉన్నాను. అదే తప్పయింది." మామగారు జెండా దించలేదు. "బాతుల తలుపు నేనే తీస్తున్నాను. రోజూ. ప్యాసింజరు పోయాక తీస్తాను, గూడ్సు రాకముందే వేస్తాను. అవి బయటికెళ్ళి పెడుతున్నాయట. నాకు తెలీదు. అలవాటు. నవ్వుకుంటావా, నవ్వుకో. వీధంతా చెబుతావా, చెప్పు. కానీ ఆ పిల్లను దొంగ అనకు."

ఎవరూ నవ్వలేదు.

ముందుగా తేరుకుంది అత్తగారే. "అంతా గూడుపుఠాణీ! కోడలి మీద జాలితో నేరం నెత్తినేసుకుంటున్నారు. బయట పెడితే బయటుండాలి కదా! ఈ పెరడంతా నేను కర్రతో కెలికాను. ఏవీ గుడ్లు?"

"పోనీలేవే అమ్మా," అంది ఆడపడుచు.

ఆ గొంతులో అంత దయ ఆ కుటుంబంలో ఎవరూ ఏనాడూ వినలేదు.

"అయిందేదో అయింది. బాతుల్ని ఉండనియ్యి. నాన్న ఎండలో నిలబడితే కళ్ళు తిరుగుతాయి. అందరం లోపలికెళ్దాం పదండి. బుట్టలాయనా, నువ్వెళ్ళిరావయ్యా."

కోడలు ఆమె ముఖంలోకి చూసింది. నిన్న సాయంత్రం దడి దూకొచ్చిన ఆమ్లెట్ వాసన ముక్కులోంచి నెమ్మదిగా బుర్రలోకి ఎక్కింది.

"నిన్న ఒట్టు వెయ్యమన్నారు. ఇవాళ పోనీలే అంటున్నారు. ఏం వదినా, రాత్రికి రాత్రే మనసు మెత్తబడిందా?"

"నీ మంచికే చెబుతుంటే..."

"నాకు మంచి వద్దు. నిజం కావాలి."

కోడలు లేచింది. బట్టలకంటిన గడ్డి దులుపుకుని తలుపు ముందు నుంచి పక్కకు జరిగింది.

"మామయ్యా, అత్తయ్య గుడ్లేవీ అంటున్నారు. నాకూ తెలీదు, మీకూ తెలీదు. తెలిసినవాళ్ళు లోపలున్నారు. పచ్చజెండా ఊపండి."

మామగారు గొళ్ళెం తీశారు. ఎర్ర చుట్టి, పచ్చ విప్పారు. నిటారుగా నిలబడి ఊపారు.

బాతులు బయటికొచ్చాయి. రొట్టె ముక్కల వైపు చూడలేదు. గులకరాళ్ళ మీది తొట్టి వైపు చూడలేదు. ఒకదాని వెనక ఒకటి, నెల్లాళ్ళుగా వేసుకున్న లైను మీద బండిలా, నీళ్ళ డ్రమ్ము వెనక్కి తిరిగాయి. అక్కడ రేకుల దడికి అడుగున తుప్పు తినేసిన మూల ఒకటుంది. పిల్లి దూరేంత సందు. ముందు పెట్ట తల వంచి దూరింది. రెండోది దూరింది. మూడోది, నాలుగోది. చివరికి గార్డులా మగబాతు ఒకసారి వెనక్కి చూసి, తనూ దూరింది.

దడి అవతల ఉన్నది ఆడపడుచు పెరడు.

పెరట్లో ఎవరూ కదల్లేదు. కదిలింది ఒక్క ఆడపడుచే. వీధి వైపు పరుగందుకుంది. ఒక చెప్పు గుమ్మం దగ్గర ఊడిపోయింది. అయినా వెనక్కి తిరిగి చూడలేదు.

"అదేమిటి," అంది అత్తగారు అయోమయంగా. "దానికేమైంది, అలా పరిగెడుతోంది?"

మామగారు జెండాలు చుట్టుకుంటున్నారు. లైన్‌మన్ నేల చూపులు చూస్తున్నాడు. బుట్టలాయన టీ చల్లారిపోయింది.

అత్తగారు దడి మూలనూ చూసింది, గుమ్మంలో పడి ఉన్న చెప్పునూ చూసింది. పెదవులు కదిలాయి, నోరు కట్టుకుంది పిచ్చి తల్లి అన్న నిన్నటి మాట మళ్ళీ నాలుక మీదికొచ్చి చేదెక్కినట్టు. మెల్లగా చెయ్యి చాచింది.

"అమ్మాయ్, నా కర్ర ఇలా ఇయ్యి. దాని ఇంటిదాకా వెళ్ళొస్తాను."

కర్ర గూటికి ఆనించి ఉంది. కోడలి చేతికందేంత దూరంలోనే. కోడలు దాన్ని తీసుకుంది. ఇవ్వలేదు.

"ఇస్తాను అత్తయ్యా. వెనకింటిదాకా నేనే చెయ్యి పట్టుకుని నడిపిస్తాను కూడా. కానీ హాల్లో నా సంచి ఇంకా నేల మీదే ఉంది. ముందు అటు పదండి."

"వంగలేను. నా మోకాళ్ళు..."

"తెలుసు. నేను పట్టుకుంటాను. తియ్యాల్సింది మాత్రం మీరే."

దడి అవతల ఆడపడుచు ఇంటి తలుపు దభాలున మూసుకుంది. మరుక్షణమే ఆడబాతు గొంతు వీధి చివరిదాకా వినిపించింది. ఆ అరుపు పెరట్లోంచి రావడం లేదు, మూసిన తలుపు లోపలి నుంచి వస్తోంది.

అత్తగారు ఒకసారి ఆ అరుపు వైపు చూసింది. ఒకసారి హాలు వైపు చూసింది. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది.